లైను మామ్మ సొంత చోటు

ఈ ఊళ్లో పెద్దమనుషులుగా చలామణీ అవుతున్న వాళ్ళంతా మా అమ్మమ్మ కాళ్ళ మీద నిలబడినవాళ్ళే. ప్లీడరుగారబ్బాయి పెద్ద బడిలో చేరాడంటే అది మా అమ్మమ్మ నిలబడబట్టి. బట్టల కొట్టు యజమాని ఇంటికి గ్యాసు వచ్చిందంటే మా అమ్మమ్మ నిలబడబట్టి. ఆవిడ గనక ఒక్కరోజు జ్వరమొచ్చి పడుకుంటే ఆఫీసులు తలుపులు తెరవవు, ఆసుపత్రిలో రోగాలు కుదరవు, సూర్యుడు కూడా "మామ్మ రాలేదా? మరి నా చోటెవరు పట్టారు?" అని అడిగి వెనక్కి తిరిగి పడుకుంటాడు. నవ్వేవాళ్ళు నవ్వండి. నేను మాత్రం ఒక్క మాట కూడా తగ్గించను.

మా అమ్మమ్మ పని వరుసల్లో నిలబడటం. ఇతరుల కోసం. బిల్లు కట్టే కిటికీ ముందు, ఆసుపత్రిలో డాక్టరు చీటీ ఇచ్చే బల్ల ముందు, బడి గేటు ముందు, ఎక్కడ వరుస ఉంటే అక్కడ తెల్లవారేసరికి వెళ్ళి నిలబడుతుంది. పొద్దెక్కి, వరుస ముందుకు జరిగి, ఆవిడ వంతు దగ్గరపడే వేళకి అసలు మనిషి స్నానం చేసి, తిని, తల దువ్వుకుని వస్తారు. అమ్మమ్మ పక్కకి తప్పుకుంటుంది. వాళ్ళిచ్చింది పుచ్చుకుని ఇంకో వరుసకి పోతుంది. ఊళ్లో అందరూ ఆవిణ్ణి లైను మామ్మ అంటారు. అసలు పేరు ఆవిడకైనా గుర్తుందో లేదో.

నిలబడటం కూడా ఒక పనేనా అని మూతి తిప్పేవాళ్ళుంటారు. ఒక పూట నిలబడి చూస్తే వాళ్ళకే తెలుస్తుంది. మా అమ్మమ్మ చేతిసంచిలో ఎప్పుడూ ఒక ఇటుక ఉంటుంది. ఒక కాలు ఇటుక మీద, ఒక కాలు నేల మీద; కాసేపయ్యాక అటుది ఇటు. పొద్దున్నించీ నీళ్ళు తాగదు. తాగితే వెళ్ళాల్సి వస్తుంది, వెళ్తే చోటు పోతుంది. పాత చెప్పుల జత ఒకటి సంచిలోనే ఉంటుంది. తప్పనిసరైతే వాటిని చోట్లో పెట్టి, "అమ్మా, ఇవి నేనే అనుకోండి" అని వెనకామెకి చెప్పి పరుగెడుతుంది. ఆ చెప్పులు తొడుక్కోవడానికి పనికిరావు. నిలబడటానికి మాత్రం మనిషి కంటే నయం.

అన్నిటికంటే ముఖ్యమైనది చోటు అప్పగించే పద్ధతి. అసలు మనిషి రాగానే ఊరికే తప్పుకుంటే వెనకవాళ్ళు గోల పెడతారు. అందుకని అమ్మమ్మ ముందు వెనక్కి తిరిగి, వెనక నిలబడ్డ మనిషి భుజం మీద చెయ్యి వేసి, "ఈ చోటు వీరిది. నేను పట్టి ఉంచాను, వీరొచ్చారు" అంటుంది. అని ఎడమ పక్కకి ఒక అడుగు వేస్తుంది. అంతే. ఆ మాట పడ్డాక ఎవరూ నోరెత్తరు. వరుసల్లో అది రిజిస్ట్రీ అయినట్టు లెక్క.

ఎవరూ ఎత్తరన్నాను గానీ, ఒకసారి ఒకావిడ ఎత్తింది. రొట్టెల బట్టీలో పనిచేసే ఆవిడ. చెయ్యి కాలి, గుడ్డ చుట్టుకుని ఆసుపత్రి వరుసలో మా అమ్మమ్మ వెనక నిలబడింది. అమ్మమ్మ చోట్లోకి బట్టల కొట్టు యజమాని ఆవులిస్తూ రాగానే ఆవిడకి ఒళ్ళు మండింది.

"ఆయనకేమైంది? కాళ్ళు లేవా?"

"ఉన్నాయమ్మా. ఇంట్లో పెట్టి వచ్చారు" అంది అమ్మమ్మ.

అందరూ నవ్వారు గానీ ఆవిడ నవ్వలేదు. "నువ్వు నవ్వించకు మామ్మా. మీలాంటివాళ్ళు ముందంతా నిండిపోబట్టే మాలాంటివాళ్ళం చివర చస్తున్నాం. వాళ్ళని నిలబెడితే తెలిసొచ్చేది."

దారిలో నేను అమ్మమ్మ చెయ్యి పట్టుకుని ఊపుతూ, "నిన్ను భలే కడిగేసింది కదూ" అన్నాను. ఆవిడ చెయ్యి విడిపించుకుని ముందు నడిచింది. ఇంటి దగ్గరికొచ్చాక, "ఆ పిల్ల అన్నది నిజమే. కానీ నేను నిలబడకపోతే నా చోటు ఆ పిల్లకేం రాదు. ఇంకో మామ్మని తెచ్చి నిలబెడతారు" అంది. ఆ రోజు కాళ్ళకి వేడినీళ్ళ గుడ్డ కూడా వేయించుకోలేదు.

నా చదువు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. ఊరి పిల్లలందరినీ పెద్ద బడిలో వేయించిన మనిషి సొంత మనవరాల్ని ఊరుకుంటుందా? నాకు ఈడు రాగానే ఆ బడి గేటుకి వీపు ఆనించి నిలబడింది. మొదటి చోటు. మా వెనక జడ్జిగారబ్బాయి చోటుకి ఇంకో ముసలాయన నిలబడ్డాడు. "వాళ్ళ చోటు నువ్వు పట్టలేదేం?" అని అడిగితే, "ఒక కాయానికి ఒక చోటే" అంది గర్వంగా.

గేటు తెరిచారు. ముందు మేమే వెళ్ళాం. లోపల కళ్ళద్దాల పంతులమ్మ చాలా మర్యాదగా కూర్చోబెట్టి, "ఇంట్లో పాపకి పాఠాలు ఎవరు చెబుతారు?" అని అడిగింది.

"నేనున్నానుగా" అంది అమ్మమ్మ.

"మీరేం చదువుకున్నారు?"

"వరుసల్లో ఎదురుగా ఉండే బోర్డులన్నీ చదివానండి. 'ఉమ్మివేయరాదు' దగ్గర్నుంచి."

పంతులమ్మ నవ్వింది. మంచినీళ్ళు ఇప్పించింది. వచ్చే ఏడు చూద్దామంది. మా వెనక వచ్చిన జడ్జిగారబ్బాయిని ఏమీ అడగలేదు. వాళ్ళ నాన్నని చూసి లేచి నిలబడింది. అలా నా వెనక నిలబడ్డవాడు నాకంటే ముందు లోపలికెళ్ళాడు. నేను వీధి చివరి బడికి వెళ్ళాను. అక్కడ పంతులు వచ్చినరోజు చదువు, రానిరోజు ఆట. ఎనిమిదో తరగతిలో లెక్కలూ నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేక విడిపోయాం.

ఆ రోజు గేటు బయట అమ్మమ్మ అన్నమాట నాకిప్పటికీ గుర్తుంది. "ఈ గేటు దాటాక ఇంకో వరుస ఉందే పిల్లా. అది మన కంటికి కనబడదు. అందులో వాళ్ళ తాతలెప్పుడో చెప్పులు పెట్టి పోయారు."

ఇక మా ఇల్లు. ఇల్లంటే మెట్ల కింద గది. డాక్టరమ్మగారి మేడలో, వాళ్ళు పైకెళ్ళే మెట్ల కింద మేము ముగ్గురం: అమ్మమ్మ, మా అమ్మ, నేను. మా అమ్మ డాక్టరమ్మ ఇంట్లో వంట, ఆవిడ ఆసుపత్రిలో నేల తుడవడం, రెండూ చేస్తుంది. గది పైకప్పు మెట్లతోపాటే కిందకి దిగుతుంది. తలుపు దగ్గర మాత్రమే నిటారుగా నిలబడొచ్చు. రెండడుగులు లోపలికేస్తే నడుం వంగాలి, ఇంకో రెండేస్తే కూర్చోవాలి, చివరికి పాకాలి. పగలంతా నిలబడే మనిషికి ఇంట్లో నిలబడే చోటు లేదు. పైన ఎవరు నడిచినా మా నెత్తిన నడిచినట్టే. కాలి చప్పుడుని బట్టి ఎవరో చెప్పేవాళ్ళం. డాక్టరమ్మది ఒక మెట్టు దిగి ఆగే చప్పుడు. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు.

ఆ మోకాళ్ళే మా కొంపకి చుట్టుకున్నాయి. మెట్లు ఎక్కలేకపోతున్నారని మేడకి లిఫ్టు పెట్టించాలనుకున్నారు. లిఫ్టుకి చోటు ఎక్కడ? మెట్ల పక్కన చోటు చాలదట, మా గది కూడా కలుపుకోవాలట. ఒకరోజు మేస్త్రీ వచ్చి, మా చాప చుట్టి పక్కన పెట్టమని, మేము పడుకునే నేల మీద సుద్దతో నలుపలకలుగా గీత గీసి వెళ్ళాడు. డాక్టరమ్మ కిందకి దిగి వచ్చి చెప్పింది. కసురుకోలేదు, అరవలేదు. "తొందరేం లేదు, నెమ్మదిగా వేరే చోటు చూసుకోండి" అంది. ఆవిడ మోకాళ్ళ నొప్పులకి లిఫ్టు వస్తోంది. అవే నొప్పులు మా అమ్మమ్మకీ ఉన్నాయి. వాటికి మేము బయటికి పోవాలి.

ఊళ్లో మా ముగ్గురికీ గది ఇచ్చేవాళ్ళెవరు? అమ్మ అడిగిన చోటల్లా "మగదిక్కు ఎవరు?" అనో, "ఏం పని చేస్తారు?" అనో అడిగారు. "మా అమ్మ వరుసల్లో నిలబడుతుందండి" అంటే తలుపు సగం మూసేవాళ్ళు.

సరిగ్గా అప్పుడే ఊరి చివర కొత్త ఇళ్ళ సంగతి తెలిసింది. చిన్నచిన్న ఇళ్ళు, నెలనెలా కొంచెం కట్టుకుంటూ పోవచ్చట. చీటీ తీసుకున్నవాళ్ళకి ఇల్లు ఖాయం. ఇళ్ళు తక్కువ కాబట్టి ముందొచ్చినవాళ్ళకి ముందు. ఆఫీసు గోడ మీద పెద్ద అక్షరాలతో రాశారు: అందరూ సమానమే, వరుసలో రండి.

అమ్మమ్మ ఆ బోర్డు ముందు నిలబడి పెదాలు కదుపుతూ రెండుసార్లు చదివింది. "చదువు అడగరా?" అని జవానుని అడిగింది.

"అడగరు మామ్మా."

"ఎవరి తాలూకని అడగరా?"

"ఏదీ అడగరు. పెద్దవాళ్ళు ఎవరో ఒకరు వచ్చి నిలబడాలి. అంతే. పిల్లల్ని పంపితే కుదరదు."

"నిలబడితే చాలా?"

"నిలబడితే చాలు."

ఆవిడ మొహం చూడాలి అప్పుడు! చేపని చూసి, నీకు ఈత వస్తే చాలు బహుమతి ఇస్తామన్నట్టుంది. దారిపొడుగునా నాకు ఆ ఇంటిని కట్టి చూపించింది. కిటికీ ఎక్కడ, పొయ్యి ఎక్కడ. "గది మధ్యలో నిలబడి తల దువ్వుకుంటానే" అంది. నేను, "మధ్యలో ఇటుక కూడా వేసుకో" అన్నాను. నెత్తిన ఒకటి మొట్టింది.

చీటీలిచ్చే ముందురోజు సాయంత్రం అమ్మ పనినుంచి వచ్చి చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడింది.

"డాక్టరమ్మ రేపు ఆ ఇళ్ళ చీటీకి నిన్ను నిలబడమంది."

అమ్మమ్మ బట్టలు మడతపెడుతోంది. "ఆవిడకి ఇల్లెందుకే? ఉన్న మేడలో సగం గదులు తాళాలేసే ఉన్నాయి."

"తమ్ముడి పేర తీసుకుంటుందట. అద్దెకిచ్చుకుంటాడట."

"రేపు నా కోసం నేనే నిలబడుతున్నానని చెప్పు. ఇన్నేళ్ళలో ఒక్కరోజు."

అమ్మ నీళ్ళు నమిలింది. "నేనెలా చెప్పనమ్మా? నువ్వే చెప్పు."

"నీ యజమానురాలికి నేనేం చెప్పనే?"

"నీ ఇంటి యజమానురాలు కూడా ఆవిడే కదా."

పైన కాలి చప్పుడైంది. ఒక మెట్టు దిగి ఆగింది, ఇంకో మెట్టు దిగి ఆగింది. అమ్మ గుమ్మం దాటి మెట్ల దాకా వెళ్ళింది. చప్పుడు పైకెళ్ళిపోయింది. అమ్మ వెనక్కి వచ్చి పొయ్యి ముందు కూర్చుంది. డాక్టరమ్మకి ఎవరూ ఏమీ చెప్పలేదు.

మర్నాడు తెల్లవారుతుంటే అమ్మమ్మ తల దువ్వుకుంది. అది నాకు వింతగా తోచింది. వరుసకి వెళ్ళేటప్పుడు ఆవిడ ఎన్నడూ దువ్వుకునేది కాదు. ఉతికిన బట్టలు కట్టుకుంది. అమ్మ కొత్త చెప్పులు అడిగి తొడుక్కుంది, కాలికి బిగుతైనా. సంచిలో ఇటుక పెట్టబోయి తీసేసింది. నన్ను వెంటేసుకుని బయల్దేరింది.

మేము వెళ్ళేసరికి ముందు నలుగురైదుగురు మాత్రమే ఉన్నారు. మా ముందు ఇస్త్రీ అతను. మా వెనక వచ్చి నిలబడింది ఎవరో కాదు, రొట్టెల బట్టీ ఆవిడ. చెయ్యి మానింది గానీ మచ్చ మిగిలింది. అమ్మమ్మని చూసి మొహం తిప్పుకుంది.

"ఏం మామ్మా, ఈవేళ ఎవరి కోసం?" అన్నాడు ఇస్త్రీ అతను.

"నా కోసమే."

అతను పగలబడి నవ్వాడు. "భలేదానివి! నువ్వు నీ కోసం నిలబడితే ఇక లోకంలో అబద్ధమనేదే లేదు."

"నిజంగా మా కోసమే" అన్నాను నేను ఉడుక్కుని.

రొట్టెల ఆవిడ నన్ను పైనుంచి కిందకి చూసింది. తర్వాత అమ్మమ్మ దువ్వుకున్న తల చూసింది. కాసేపాగి తన సంచిలోంచి చిన్న రొట్టె తీసి సగం విరిచి నాకిచ్చింది. "నిజమే అయితే మంచిదే" అంది, ఎవరితోనో అన్నట్టు. ఆ తర్వాత వాళ్ళిద్దరూ మాటల్లో పడ్డారు. ఇల్లొస్తే పక్కపక్కన అడుగుదామనుకున్నారు. నీళ్ళ పంపు దగ్గర ఎవరు ముందో అప్పుడే పోట్లాడుకున్నారు కూడా.

పొద్దెక్కింది. వరుస గోడ చుట్టూ తిరిగి వెనక వీధిలోకి పోయింది. కిటికీ తెరిచారు. ముందువాళ్ళు ఒక్కొక్కరే చీటీ తీసుకుని మొహాలు వెలిగిపోతూ వెళ్ళారు. ఇస్త్రీ అతని తర్వాత మేమే.

అప్పుడొచ్చింది కారు.

డాక్టరమ్మ నెమ్మదిగా దిగి, ఒక్కో అడుగే వేసుకుంటూ మా దగ్గరికే వచ్చింది. "హమ్మయ్య! నువ్వుంటావని తెలిసే నిశ్చింతగా ఉన్నాను. ఎంతసేపైంది మామ్మా వచ్చి? పాపం కాళ్ళు లాగుతున్నాయా? సాయంత్రం మీ అమ్మాయి చేత మాత్రలు పంపిస్తాను, తప్పకుండా వేసుకో."

అమ్మమ్మ నోరు తెరిచింది. నేను వెనకనుంచి గట్టిగా పొడిచాను. నోరు మూసుకుంది. అడకత్తెరలో పోకచెక్క ఎలా ఉంటుందో నేను ఆ రోజే చూశాను. ముందు కిటికీ, పక్కన డాక్టరమ్మ.

అమ్మమ్మ వెనక్కి తిరిగింది. రొట్టెల ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది. "ఈ చోటు వీరిది. నేను పట్టి ఉంచాను, వీరొచ్చారు" అంది. ఎడమ పక్కకి ఒక అడుగు వేసింది.

"అమ్మమ్మా, అది మన చోటు!" అని అరిచాను. వరుసంతా ఘొల్లుమంది, నేను హాస్యమాడాననుకుని.

"ఏమిటంటోంది మీ మనవరాలు?" అంది డాక్టరమ్మ.

"ఏం లేదండీ. పొద్దున్నించీ ఎండలో ఉంది" అంది అమ్మమ్మ.

రొట్టెల ఆవిడ భుజం మీద చేతిని విదిల్చి కొట్టింది. "ఎంత బాగా నమ్మించావు మామ్మా! తల కూడా దువ్వుకొచ్చావే!"

నేను అమ్మమ్మని లాక్కెళ్ళి మళ్ళీ ఎక్కడో ఒకచోట దూర్చాలని చూశాను. ఎవరూ జరగలేదు. "మామ్మది అయిపోయింది, చోటు అప్పగించేసింది, నేను చూశాను" అని ఒకరికొకరు చెప్పుకున్నారు. ఆవిడ వృత్తి ఎంత గట్టిదంటే, ఆవిడకి సొంతంగా ఒక చోటు కావాలంటే ఊళ్లో ఒక్కరు కూడా నమ్మలేదు. గోడ చుట్టూ తిరిగి చివరికెళ్ళి నిలబడ్డాం. మేమింకా మలుపు తిరగకముందే కిటికీ మూసేశారు. రొట్టెల ఆవిడ చీటీ పమిటకొంగున ముడేసుకుని మా పక్కనుంచే వెళ్ళింది. "పోన్లే, ఆ పిల్లకి వచ్చింది" అంది అమ్మమ్మ. ఆవిడ మాత్రం మావైపు చూడలేదు.

దారిలో అమ్మమ్మ బిగుతు చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని నడిచింది. నేను ఏడుస్తూ, తిడుతూ వెనకాల వెళ్ళాను.

సాయంత్రం మాత్రలు వచ్చాయి. మాట ప్రకారం పంపించింది. వాటితోపాటు ఇంకో కబురు కూడా: లిఫ్టు పని వానలు వెళ్ళేదాకా ఆపించాను, మీరు ఉండండి, నేనేమన్నా రాక్షసినా అని. మా అమ్మ ఆ కబురు చెబుతూ కళ్ళు తుడుచుకుంది. ఆవిడ చల్లగా ఉండాలి అంది.

అప్పటినుంచి ఎన్ని వానలు వెళ్ళాయో. డాక్టరమ్మ పడకగది కింది అంతస్తుకి మార్చుకుంది. లిఫ్టు రానూ లేదు, రాననీ చెప్పలేదు. ఏటా ఒకసారి మేస్త్రీ వస్తాడు. చాప చుట్టమంటాడు, చెరిగిన గీత మీద మళ్ళీ సుద్ద రాసి పోతాడు. మేము చాప పరుచుకుని ఆ గీతల మధ్యలోనే పడుకుంటాం. అమ్మ డాక్టరమ్మ ఇంట్లో ఇంకో రెండు పనులు ఎక్కువ చేస్తోంది. వద్దనడానికి నోరు రాదు. నోరు వచ్చినప్పుడల్లా గీత కనబడుతుంది.

ఇప్పుడు అమ్మమ్మ కాళ్ళు బాగా లొంగిపోయాయి. నేనూ వరుసల్లో నిలబడుతున్నాను. ఆవిడ ఇటుక మీద కూర్చుని నన్ను చూస్తూ, "కొంగలా ఆ నిలబడటమేమిటే, బరువు మడమల మీద వెయ్యి" అని పాఠం చెబుతుంది. ఈ పొద్దున మేమున్నది పెద్ద బడి గేటు ముందు. జడ్జిగారబ్బాయికి కూతురు పుట్టి, బడికి పంపే ఈడుకొచ్చింది. నా వెనక నిలబడి నాకంటే ముందెళ్ళినవాడి కూతురికి నేను చోటు పట్టాను.

మా అమ్మమ్మ ఆ రోజు ఎందుకు పక్కకి జరిగిందని నేను చాలాకాలం ఆలోచించాను. నాకు తోచింది ఇది. అలవాటు. గానుగెద్దుని విప్పి మైదానంలో వదిలినా గుండ్రంగానే తిరుగుతుందంటారు. ఇన్నేళ్ళుగా ఇతరులకి చోటు అప్పగించిన మనిషికి, ఎదురుగా ఒక పెద్దావిడ కనబడగానే చెయ్యి దానంతటదే లేచింది, కాలు దానంతటదే ఎడమకి పడింది. పాపం, మా అమ్మమ్మకి చోటు పట్టడం తెలుసు గానీ ఉంచుకోవడం తెలియదు.

ఇదంతా గేటు ముందు అరుగు మీద కూర్చుని రాసి, ఆవిడకి చదివి వినిపించాను. సూర్యుడి ముక్కకి నవ్వింది. కొంగ ముక్కకి ఇంకా నవ్వింది. చివరికొచ్చేసరికి నవ్వు ఆపేసింది.

"ఆ అలవాటు ముక్క కొట్టేయ్" అంది. "అలవాటేమిటే నీ మొహం! మీ అమ్మ ఆవిడ దగ్గర పని, మనం ఆవిడ మెట్ల కింద. నేను జరగనంటే సాయంత్రానికి చాప వీధిలో ఉండేది. అంతా తెలిసే జరిగాను. నాకేదో తెలియదని రాస్తే చదివినవాళ్ళు అయ్యో పాపమని ఊరుకుంటారు. తెలిసే జరిగిందని రాయి. రాసి లే, కూర్చున్నది చాలు, వరుస కదిలింది."